ఏడుకొండలు కుదిర్చిన గడువు

ఇళ్ళుగలవాళ్ళ దగ్గర డబ్బు తిని ఏడుకొండలు కాపురాలు లేపించేవాడని తిరువూరు బజార్లో ఇప్పటికీ అంటున్నారు. అది అబద్ధం. అతనికి జీతమిచ్చింది పంచాయతీ. అద్దె తగాదాలు కోర్టుకెక్కకుండా ఇద్దరి మధ్యా కూర్చుని మాట కుదర్చడానికి డెబ్బై అయిదులో ఓ చిన్న పద్దు పెట్టారు. ఆ పనికి ఇతన్నే ఎందుకు పెట్టారంటే, కోర్టు బంట్రోతుగా ఖాళీ చేయమనే నోటీసులు తలుపులకి అంటించి అంటించి రిటైరైన మనిషి. ఎవరి గడప ఎలాంటిదో అతనికి తెలుసు. పాపం, ఆ తిరుగుడులో మోకాళ్ళూ అరిగాయి, ఓపికా అరిగింది.

మరుసటేడు చివర్లో కామేశ్వరిగారి తగాదా వచ్చింది. ఆవిడ ఇంట్లో వీధివైపు వాటాలో పరుపులు కుట్టే నాగూరు ఉండేవాడు. అతని దూదంతా ఎగిరి తన మడి వంటలో పడుతోందని ఆవిడ గోల. గంపలగూడెం నుంచి బదిలీ అయిన మాస్టారికి ఆ వాటా ఇస్తానని మాట కూడా ఇచ్చేసింది. నాగూరు భార్య ఇమాంబీకి చూస్తే ఎనిమిదో నెల. మాస్టారు ఎలాగూ పుష్యమాసంలో కొత్తింట్లో దిగడు కదా అని, మాఘం రాగానే నాగూరు లేచేటట్టు ఏడుకొండలు గడువు పెట్టాడు. అందరూ సరేనన్నారు. పంచాయతీలో కుదిరిందని రాయించి వచ్చి, ఆ పూట కడుపునిండా తిన్నాడు.

అతను మాఘం చూసుకున్నాడు గానీ, సఫర్ నెల చూసుకోలేదు. ఆ ఏడు పుష్యంతో పాటు మొహర్రం నడిచింది, మాఘంతో పాటు సఫర్ దిగింది. సఫర్‌లో మొదటి పదమూడు రోజులూ మంచివి కావని సాయిబుల ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇల్లు మారనివ్వరు. నాగూరుకి ఆ పట్టింపు లేదు, వాళ్ళమ్మ మస్తాన్‌బీకి ఉంది. గడువునాడు ఆవిడ గుమ్మంలో చతికిలబడింది.

"నిండు చూలాలిని ఈ రోజుల్లో గడప దాటించను, అన్నా. మీ పంచాయతీ అంతా వచ్చి మోసుకెళ్తానన్నా సరే."

అవతల కామేశ్వరిగారు లాయరు దగ్గరికి పోవడానికి చెప్పులు వేసుకుంటోంది. రెండు గుమ్మాల మధ్య పది అడుగులు లేవు. ఏడుకొండలికి మాత్రం నెమలి ఊరి దాకా నడిచొచ్చినట్టుంది. కామేశ్వరిగారి అరుగు మీద కూలబడి అడిగాడు.

"అమ్మా, మాస్టారు పుష్యంలోనే దిగుతానంటే రానిచ్చేవారా?"

"శూన్యమాసంలో ఎవరన్నా రానిస్తారటయ్యా?"

"ఇది వాళ్ళ పుష్యం అనుకోండి."

"ముందే కనుక్కుని ఏడవొద్దూ? నోటీసులు అంటించడం తప్ప నీకేం తెలుసు," అని చెప్పులు విడిచింది.

ఆ వారంలోనే ఇమాంబీ ఆ వాటాలోనే ఆడపిల్లని కన్నది. పిల్ల కింద పరచడానికి పాత మెత్తటి చీరలు కామేశ్వరిగారే ఇచ్చింది. మాస్టారు అలిగి వేరే ఇల్లు చూసుకున్నాడు. నాగూరు అక్కడే ఉండిపోయాడు.

పంచాయతీ వాళ్ళు మాత్రం గడువు తప్పింది గనక కుదరని తగాదా కింద రాసుకున్నారు. ఇలాంటివి చూపించి ఆ పద్దే ఎత్తేశారు. జీతం పోయినా జనం పిలవడం మానలేదు, అతను వెళ్ళడం మానలేదు.

ఇప్పుడు బస్టాండు వెనక అతనుంటున్న గదినే ఖాళీ చేయమంటున్నారట. ఊరందరి తరఫునా మాట్లాడిన మనిషికి తన తరఫున మాట్లాడుకోవడం చేతకాదు. మీరెవరన్నా అటు వెళ్తే ఓసారి తలుపు తట్టండి. ఉన్నాడో, ఖాళీ చేసి పోయాడో కనుక్కోండి.