అక్క గోడకు పూసిన సిమెంటు

ముప్పై ఏళ్ల తాపీ పనిలో తాను తలదించుకోవాల్సిన గోడ ఒక్కటీ కట్టలేదని మేస్త్రి నలుగురిలో చెప్పుకునేవాడు. అక్క ఇంటి మట్టిగోడలు మాత్రం ఆయనకు కంట్లో నలుసులా ఉండేవి.

"మేస్త్రి అక్క మట్టికొంపలో ఉంటుందని నవ్వుతున్నారే," అంటూ ఒక వేసవిలో సిమెంటు బస్తాలు తెచ్చి దించాడు.

"మూరెడు మందం గోడరా. ఎండాకాలం ఫ్యానుతో కూడా పనుండదు. దాని జోలికెందుకు?" అంది అక్క.

వింటేనా. లోపలా బయటా నున్నగా సిమెంటు పూసి మురిసిపోయాడు.

మూడు వానాకాలాలు తిరిగేసరికి గోడకు పొట్ట వచ్చింది. నేలలోంచి ఎక్కిన చెమ్మ బయటికి పోయే దారిలేక మట్టిని నానబెట్టింది. మూలల్లో బూజు పట్టింది, అక్కకు దగ్గు పట్టుకుంది. చెబితే తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని ఆమె మంచం పక్కగదిలోకి జరుపుకుని ఊరుకుంది.

కరెంటు వాడకం తగ్గించే పనిమీద ఇళ్లు చూస్తూ ఒక ఇంజనీరమ్మ వచ్చిన రోజున మేస్త్రి అక్కడే ఉన్నాడు. ఆమె వేలితో తట్టగానే అరచేయంత పెచ్చు ఊడిపడింది. వెనకాల మట్టి ముద్దముద్దగా ఉంది.

"ఇంత మంచి గోడకి ఊపిరాడకుండా చేసిందెవరండీ? ఒక్కో సిమెంటు బస్తా తయారీకి దాని బరువులో సగానికి పైగా, భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంత చేసి, చల్లగా ఉన్న ఇంటిని పాడుచేశారు."

అక్క తమ్ముడి వంక చూడలేదు. "ఎవరో దారినపోయే పనివాడమ్మా. మళ్లీ కనపడలేదు," అంది.

తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి.

"ఆ పనివాణ్ణి నేనేనండీ," అన్నాడు.

మర్నాటి నుంచి ఉలీ సుత్తీ పట్టుకుని ఒక్కడే పెచ్చులన్నీ రాల్చాడు. గోడ ఆరడానికి రెండు నెలలు పట్టింది. మళ్లీ పూయడానికి మట్టిలో సున్నం ఏ పాళ్లలో కలపాలో తెలియక, ఒకప్పుడు తాను ఎగతాళి చేసిన మట్టిగోడలకు పూత పూసే ముసలామె గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు తెలియని పని కూడా ఉందా నాయనా?" అని, అంతకుమించి ఏమీ అనకుండా చేయి పట్టి నేర్పింది.

గోడ కుదుటపడింది. అక్క దగ్గూ తగ్గింది. కానీ అదే సిమెంటు మరో పదకొండు మట్టిళ్లకు పూసిన సంగతి మేస్త్రిని నిలవనివ్వలేదు. ఒక్కో గడపా ఎక్కి, తప్పు తనదేనని, కూలి తీసుకోకుండా సరిచేస్తానని చెప్పాడు. నలుగురు సరేనన్నారు. ఆరుగురు నవ్వి పంపేశారు.

చివరి ఇంటాయన తలుపు సగమే తీశాడు. "ఆ రోజు మా నాన్న వద్దంటే నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. "మట్టికొంపని చూసి నలుగురూ నవ్వుతారన్నానండీ," అంటూ మేస్త్రి తలదించుకున్నాడు.