కోడి తిన్న రెండు చుట్లు

మొన్న చాటలో జొన్నలు పోసుకుని రాళ్ళు ఏరుతుంటే, పెట్టకోడి ఒకటి వచ్చి గింజ పొడుచుకుపోయింది. నా గుండె జల్లుమంది. ఒక్క గింజకే అంత భయమా అని మీరు నవ్వవచ్చు గానీ, ఆ ఆదివారం మా ఇంట్లో ఉండి ఉంటే నవ్వరు.

మా మరిది లారీ డ్రైవరు. పత్తి లోడుతో వస్తూ పెబ్బేరు దాటాక బోల్తా పడి కుడికాలు పోగొట్టుకున్నాడు. ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ఎక్కడినుంచో పాత ఆట స్టీరింగు తెప్పించి బల్లకు బిగించుకుని, బ్రేకు కూడా చేతికే అందేలా అమర్చుకుని, టీవీలో కార్ల పందేలు మొదలుపెట్టాడు. అవతలి కారును కోడేరులో ఒకాయన తన ఇంట్లో కూర్చుని నడుపుతాడనీ, ఆయన మాట మా ఫోనులో వినబడుతుందనీ నాకు తర్వాత తెలిసింది. ఆ చలికాలమంతా ఆదివారం మధ్యాహ్నాలు పోటీపడి చెరి ఐదు పందేలు గెలిచారు. పదకొండోదానికి ముందు మావాడు, "ఇది ఓడితే నా చేతులు గూడ పోయినట్లే వదినె, మళ్ళ స్టీరింగు ముట్ట" అన్నాడు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

మా టీవీ పైమూల నల్లబడి చుట్ల అంకె కనబడేది కాదు, అందుకని లెక్క నాది. పందెం నలభై చుట్లు కాబట్టి గిన్నెలో నలభై జొన్నగింజలు పోసుకుని, కారు గీత దాటినప్పుడల్లా ఒకటి తీసి చాటలో పెట్టేదాన్ని. మధ్యలో ఒకసారి ఆగి టైర్లు మార్చాలి. కోడేరాయన ఎప్పుడూ పదిహేనో చుట్టులోనే మారుస్తాడని పది వారాలు చూసి నేనే పసిగట్టాను. మనం ఇరవై దాకా లాగితే చివర్లో ఆయనవి అరిగి ఉంటాయి, మనవి కొత్తగా ఉంటాయి; మొదట వేసుకునే టైర్లు మెత్తనివి, వాటి మీద ఇరవై దాటితే మాత్రం కారు నిలవదు.

ఆరోజూ ఆయన పదిహేనుకే ఆగి, "అన్నా, నీ టైర్ల దుకాణం బంద్ వెట్టిండ్రా?" అని కవ్వించాడు. "నీ సంగతి నువ్వు సూస్కో తమ్మి" అని మావాడు నవ్వాడు గానీ, మెడనరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. నేను కన్ను టీవీ మీదినుంచి తీయలేదు.

"ఎన్ని వదినె?"

చాటలోకి చూసి లెక్కపెట్టాను. "ఇరవై గాలె, ఇంక రెండున్నయ్."

తర్వాతి చుట్టులోనే కారు తడిసిన రేగడిలో బండిలా జారి రోడ్డు దిగింది. సిగ్నలు కోసం ఫోను గడప మీద పెట్టడం వల్ల తలుపు వేసేవాళ్ళం కాదు. తెరిచిన తలుపులోంచి వచ్చిన పెట్టకోడి నా మోకాలి పక్కన, చాటలో ముక్కు పెట్టి ఉంది!

టైర్లు మార్చి మావాడు చివరిదాకా తరిమాడు. జానెడు తేడాతో ఓడిపోయాడు.

పానా తీసుకుని స్టీరింగు బోల్టులు విప్పసాగాడు. "నా చెయ్యి పోయింది వదినె" అన్నాడు మెల్లగా. నా గిన్నె ఖాళీ అయింది. చాటలో ముప్పై ఎనిమిది గింజలే ఉన్నాయి. చెబితే నన్ను మళ్ళీ నమ్మడేమో, చెప్పకపోతే తన చేతుల్నే నమ్మడు.

"నీ చెయ్యి గాదు, కోడి" అన్నాను. "రెండు చుట్లు కోడి తిన్నది. నేను సూడలె."

గడప మీది ఫోనులోంచి కోడేరాయన గొంతు వచ్చింది. "ఏంది వదినె? ఇరవై దాటినంక గూడ గా టైర్ల మీదనే నడిపిండా అన్న? నేనైతే ఎప్పుడో బోల్తా వడుతుంటి. జర గా కోడికి నా పేరు మీద ఇంకో గుప్పెడు జొన్నలెయ్యి."

పానా ఆగిపోయింది. మావాడు నన్ను చూశాడు, చాటను చూశాడు, విప్పిన బోల్టు మళ్ళీ బిగించాడు. "వచ్చే ఆదివారం దాన్ని గంప కింద కమ్ము వదినె."

ఇప్పుడు కొత్త టీవీ వచ్చింది, అంకెలన్నీ కనబడతాయి. ఇంటర్నెట్ తీగ లాగించాక మావాడు తలుపు కూడా వేసుకుని ఆడుతున్నాడు. కోడేరాయనతో పోటీ ఇంకా నడుస్తూనే ఉంది, అదే చాలు నాకు. కానీ ఎన్ని వదినె అని అడిగేవాళ్ళు లేరు. ఆదివారం మూసిన తలుపు వెనక కారు మోత వినబడితే మాత్రం, పనిలో ఉన్న నా వేళ్ళు తమంతట తామే ఒక్కో గింజా తీసి పక్కన పెడతాయి. ఇరవై అయ్యాక ఆగి, తలుపు వైపు చూస్తాను.