ఇప్పపూల కాలంలో దుమ్ముగూడెం ల్యాబుకు

స్వర్ణ ఫోన్ చేయకపోతే ఏప్రిల్ ఎండలో నేను దుమ్ముగూడెం వైపు వెళ్ళేదాన్నే కాదు. ఎర్రుపాలెం రైతు కుటుంబంలో పుట్టిన స్వర్ణ నాతో చదువుకుంది. ఇప్పుడు అడవి అంచున చిన్న టిష్యూ కల్చర్ ల్యాబు పెట్టి గాజు సీసాల్లో వెదురు మొక్కలు పెంచుతోంది. నాది హైదరాబాదులో ఇలాంటి ల్యాబుల లెక్కలు విశ్లేషించే ఉద్యోగం. "నెల రోజులుగా సీసాలు పాడైపోతున్నాయే. మా దగ్గర పనిచేసే జోగమ్మ చేసినవే ఎక్కువ. తనని తీసేయాలంటే మనసొప్పట్లేదు, ఒకసారొచ్చి చూసిపో" అంది.

హైదరాబాదు నుంచి ముందురోజు రాత్రే ఖమ్మం చేరి, ఉదయం ఐదున్నర బస్సెక్కితే తొమ్మిదికల్లా భద్రాచలంలో దిగాను. అక్కడ షేర్ ఆటోకు యాభై రూపాయలు. "సీసాల ఫ్యాక్టరీకా మేడం? జల్దీ ఎక్కుండ్రి, ఎండ ముదురుతది" అన్నాడు డ్రైవర్. గోదావరి పక్కనే దారి. గంటలో చేరిపోయాను.

అరగంటలో పాడైన సీసాల గ్రాఫు గీసేశాను. ముగ్గురు పనివాళ్ళలో జోగమ్మ గీత ఒక్కటే నిటారుగా పైకి లేచింది. "నీ అనుమానం నిజమే" అన్నాను స్వర్ణతో, ఏదో ఘనకార్యం చేసినట్టు. గుమ్మంలో నిలబడిన జోగమ్మ వినేసింది. "ఈ జీతంతోనే నా బిడ్డ ఖమ్మంల నర్సింగ్ చదువుతాంది మేడం. నా చేతుల ఏం తప్పుందో జర చూపియ్యుండ్రి" అంది.

పాడైన సీసా తెచ్చి ఆమె చేతికిచ్చాను. అడుగున తెల్లటి జిగురు. మూత తీసి వాసన చూసింది.

"అయ్యో, గిది ఇప్పపువ్వు పులిసిన వాసన!"

"ఇప్పపువ్వు నీకెక్కడిది జోగమ్మా?"

"తెల్లారకముందే మా చెట్టు కాడికి పోత మేడం. ఒక్కో చెట్టు ఒక్కో ఇంటోళ్లది. జల్దీ ఏరకపోతే పశులు తింటయి. ఏరి, గట్లనే డ్యూటీకొస్త."

మిగతా ఇద్దరిదీ మధ్యాహ్నం షిఫ్టు. వాళ్ళు పూలేరినా ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తారు. పూలను పులియబెట్టే ఈస్టు జోగమ్మ జుట్టులో, చీరలో దాక్కుని లోపలికొస్తోంది. సీసాలోని జిగురును మైక్రోస్కోపులో చూస్తే ఈస్టే. నా పట్టికలో పేరుంది, తేదీ ఉంది, షిఫ్టు మాత్రం లేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. జోగమ్మ పొద్దున సీసాలు కడిగి, ల్యాబులోనే స్నానం చేసి, చీర మార్చుకున్నాకే మొక్కలు కోసి సీసాల్లో పెట్టేలా స్వర్ణ పని మార్చింది.

రెండు వారాలకు మళ్ళీ వెళ్ళాను. జోగమ్మ సీసాలన్నీ తేటగా ఉన్నాయి, లోపల పచ్చటి వెదురు పిలకలు. ఎంత సంతోషమేసిందో! పదేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను కానీ, ఆ లెక్కల వెనకున్న మనిషిని పిలిచి అడగడం ఇక్కడే నేర్చుకున్నాను. మీరూ ఇలాంటి ల్యాబు చూడబోతుంటే ఉతికిన బట్టలు ఒక జత సంచిలో పెట్టుకోండి. ఈ రెండోసారి నేను ఆటో దిగి నేరుగా లోపలికి వెళ్ళబోతుంటే జోగమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. "తానం చేసిన్రా మేడం?" అని అడిగింది. వెనక్కి తిరిగి బాత్రూం వైపు నడిచాను.