గ్లెనిస్ ఇవ్వని మాట

గ్లెనిస్ హాడ్రిక్ కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మా రేవుపట్నం పోర్ట్ లింకన్‌లో ముప్పయ్యొక్కేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. రిటైరైన వారానికే, చర్చి హాలు వెనకున్న మా గదికి వచ్చి నిలబడింది. "ఏదన్నా పని చెప్పు. ఇంట్లో గడియారం చప్పుడు వింటుంటే పిచ్చెక్కుతోంది" అంది.

మా పని చిన్నదే. పసిపిల్లలున్న ఇళ్లకి వారానికోసారి, రెండు గంటలపాటు ఒక మనిషిని పంపుతాం. జీతం ఉండదు. వెళ్లినవాళ్లు ఒక పిల్లని ఎత్తుకుంటారు, ఆ తల్లి చెప్పేది వింటారు, అంతే. వాళ్లకి నేర్పి పంపడం నా వంతు. శిక్షణ జరిగిన తొమ్మిది వారాలూ గ్లెనిస్ కిటికీ దగ్గర నిలబడే ఉంది.

"కూర్చుని వినడం అలవాటు చేసుకో" అన్నాను.

"చెవులతోనేగా వినేది, కాళ్లతో నీకేం పని?" అంది.

ఆమెని కీలీ దగ్గరికి పంపాను. కీలీకి ఇరవయ్యారేళ్లు. మూడేళ్ల కూతురు ఇవా, ఆ తర్వాత ఐదు నెలల కవలలు నికో, తోమా. భర్త డామిర్ ట్యూనా చేపలు పట్టే పడవ మీద పనిచేస్తాడు. వేట మొదలైతే మూడేసి వారాలు సముద్రంలోనే ఉంటాడు. మొదటిరోజు కీలీ కవలల్లో ఒకణ్ణి చంకనేసుకుని తలుపు సగమే తీసి, "నన్ను ఓ కంట కనిపెట్టమని పంపారా?" అంది.

"అందుకైతే కళ్లద్దాలు తెచ్చుకునేదాన్ని. పక్కకి జరుగమ్మాయ్, వాడి తల వాలిపోతోంది."

లోపలికి వెళ్లిందేగానీ గ్లెనిస్ చేతులు ఊరుకోలేదు. ఉతికిన బట్టలు మడతపెట్టింది, పొయ్యి తుడిచింది. రెండో వారం కీలీ కళ్లనీళ్లు పెట్టుకుంది. "మీరు తుడుస్తున్నకొద్దీ నేను తుడవలేదని గుర్తొస్తోంది, ఆపండి!" అంది. అప్పట్నుంచి గ్లెనిస్ ఇంట్లో అడుగుపెట్టగానే కవలల్లో ఒకణ్ణి ఒళ్లో పెట్టుకునేది. పిల్లాడు నిద్రపోతే తను లేవడానికి ఉండదు కాబట్టి, గత్యంతరం లేక కూర్చునేది. కీలీ మాట్లాడటం మొదలుపెట్టింది అలా కూర్చున్నప్పుడే.

ఏడో మంగళవారం ఫిబ్రవరిలో, మా ఎండాకాలంలో వచ్చింది. ఉత్తరపు గాలి నిప్పులు చెరుగుతోంది, ఊరంతా ఎర్రటి దుమ్ము. గ్లెనిస్ వెళ్లేసరికి తలుపు బార్లా తీసుంది. కవలలిద్దరూ గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఇవా నేలమీద కూర్చుని పాలల్లో వేసుకునే గోధుమ బిస్కట్లు ఉత్తవే నములుతోంది.

"అమ్మ ఏదే?"

"కారులో."

కారు షెడ్డులోనే ఉంది. కీలీ బెల్టు పెట్టుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చుంది. ఇంజను ఆన్ చెయ్యలేదు. గ్లెనిస్ కారు తలుపులు నాలుగూ తెరిచింది. ఇంట్లోకెళ్లి చెరో చంకన కవలల్ని వేసుకొచ్చి, ఇవాని ముందు నడిపించుకుంటూ వెనక సీట్లో ఎక్కింది.

"ఎక్కడికి బయల్దేరావు తల్లీ?"

"తెలీదు." కీలీ వెనక్కి తిరగలేదు. "పొద్దున్నుంచి ఇది మూడోసారి. ఈసారి కారుకి తాళంచెవి కూడా పెట్టాను. నేను లేకపోతేనే వీళ్లకి మంచిది, గ్లెనిస్."

గ్లెనిస్ కవలలిద్దర్నీ ఒళ్లో సర్దుకుంది. తర్వాత, నలభై రెండేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. కొడుకు డీన్‌కి అప్పుడు నాలుగు నెలలు. భర్త సముద్రం మీదున్నాడు. ఒక మధ్యాహ్నం పిల్లాణ్ణి తొట్లో వేసి, తలుపు చేరేసి, పడవల రేవు చివరిదాకా నడిచి వెళ్లి గంటసేపు నిలబడింది. తిరిగొచ్చేసరికి వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉన్నాడు.

"ఆ తర్వాత?" అంది కీలీ.

"ఆ తర్వాత ఈ రోజుదాకా ఒక చోట నిలవలేదు."

కీలీ అప్పుడు వెనక్కి తిరిగింది. "ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. తెలిస్తే పిల్లల్ని తీసుకెళ్లిపోతారు. మాటివ్వండి."

"ఇవ్వలేను. నేను నోరు మూసుకున్నందుకు నాకు ఒరిగిందేమీ లేదు. నీకూ ఒరగదు."

ఆమె ఎదురుగానే నాకు ఫోన్ చేసింది. అరగంటలో నర్సుని వెంటబెట్టుకుని నేను వెళ్లాను. కీలీ మా ఇద్దరితో మాట్లాడింది గానీ గ్లెనిస్ వైపు చూడలేదు. ఆవిడ వెళ్లేటప్పుడు మాత్రం, "మిమ్మల్ని నమ్మినందుకు నాకు బాగా బుద్ధొచ్చింది" అంది.

డామిర్ రెండోరోజుకి ఒడ్డుకొచ్చాడు. పిల్లల్ని ఎవరూ తీసుకెళ్లలేదు. కీలీని కవలలతో సహా అడిలైడ్‌లో కాన్పు తర్వాతి దిగులుకి వైద్యం చేసే తల్లీబిడ్డల వార్డులో చేర్చారు. ఇవా తండ్రి దగ్గర ఉంది.

కీలీ అక్కడున్న ఐదు వారాలూ గ్లెనిస్ నన్ను బతకనివ్వలేదు. పొద్దున్నే వచ్చేది, "ఏమన్నా తెలిసిందా?" అని అడిగేది, జవాబు వినకుండానే వెళ్లిపోయేది. ఒకసారి సముద్రం ఒడ్డున అటు చివర కనిపించింది. నేను కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి ఇటు చివర ఉంది. ఇంకో ఇల్లు చూడమంటే, "తలుపు తట్టే మొహం ఉండొద్దూ?" అంది.

ఒకరోజు తలుపు దగ్గరే ఆగిపోయి, "నేను చెప్పకుండా రోజూ వాళ్లింటికెళ్తే సరిపోయేదేమో?" అంది.

"సరిపోయేది కాదు."

"నీకెలా తెలుసు?"

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు.

ఏప్రిల్లో కీలీ ఫోన్ చేసింది. గొంతు సన్నగా ఉంది కానీ తనదే. "ఆవిడ ఇంకా వస్తుందా? లేకపోతే నన్ను చూసి జడుసుకుందా?"

గ్లెనిస్ ఆ మంగళవారం అరగంట ముందే వెళ్లి, వాళ్ల వీధి చుట్టూ రెండుసార్లు తిరిగి, సమయానికి తలుపు తట్టిందట. కీలీ ఈసారి తలుపు పూర్తిగా తీసింది.

"మీ మీద కోపం ఇంకా పోలేదు."

"పోనక్కర్లేదు. ఎవణ్ణి ఎత్తుకోమంటావు?"

"తోమాని. పళ్లొస్తున్నాయి వాడికి, కొరుకుతాడు జాగ్రత్త."

కవలలకి రెండేళ్లు నిండేదాకా గ్లెనిస్ ఆ ఇంటికి ఒక్క వారమూ మానలేదు. కోపం ఏ వారం పోయిందో ఇద్దరికీ గుర్తులేదు. ఇప్పుడామె నాలుగో ఇంటికి వెళ్తోంది. అక్కడ భార్య పోయిన ఒకతను ఏడాది పిల్లతో ఒంటరిగా ఉంటున్నాడు. నిన్న వచ్చి, "ఆ మనిషి పెదవి విప్పడే! రెండు గంటలు ఊరికే కూర్చోబెడుతున్నాడు నన్ను" అని గోలపెట్టింది. మానేస్తావా అంటే నన్ను ఎగాదిగా చూసి, వచ్చే వారానికి కావలసిన బొమ్మల పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.