నీళ్ళకు చెప్పిన కల

ఇర్వింగ్‌లోని ఇండియన్ గ్రోసరీలో అగరొత్తుల పక్కనే సాంబ్రాణి పెడతారు. కరివేపాకు కోసం నేనిప్పుడుండే ప్లేనో నుంచి అంతదూరం డ్రైవ్ చేయనక్కర్లేదు గానీ, చిన్నప్పుడు మేమున్న అపార్ట్‌మెంట్లు ఆ దారిలోనే ఉండడంతో ఏదో ఒక సాకుతో వెళ్తుంటాను. మొన్న ఒక పెట్టె మూత తీసి వాసన చూశాను. సగం వాసనే వచ్చింది. మిగతా సగం మాడిన నాన్‌స్టిక్ పెనానిది, దాన్ని ఏ కొట్లోనూ అమ్మరు.

ఆ పెనం అమ్మది, మాడ్చింది మా నాన్నమ్మ. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆమె విజిటర్ వీసా మీద గుంటూరు నుంచి వచ్చి ఒక చలికాలమంతా మాతో ఉంది. గురువారం సాయంత్రం ఊదు వేయకుండా ఉండడం ఆమెవల్ల కాదు. బొగ్గులు దొరకవు కనుక కరెంటు పొయ్యి మీద పెనం పెట్టి అందులోనే సాంబ్రాణి పొడి చల్లేది. చల్లిన కాసేపటికే గోడమీది స్మోక్ అలారం కూత మొదలుపెట్టేది. నాన్న ఆఫీస్ బ్యాడ్జి మెడలో ఉండగానే కుర్చీ ఎక్కి టవల్ ఊపేవాడు. అమ్మ చలిలో కిటికీలన్నీ తెరిచేది. ఇంత గోలలోనూ నాన్నమ్మ తలమీద కొంగు సర్దుకుని ఫాతిహా ప్రార్థన చదవడం పూర్తిచేస్తేగానీ కదిలేది కాదు. ఆ తర్వాత మా అరచేతుల్లో పుట్నాలపప్పు, పంచదార కలిపి పోసేది. పొగ, పప్పు, పంచదార, బయటి చలిగాలి కలిసిన ఆ వాసనే నాకు గురువారం అంటే.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. పొద్దున్నే మేం పళ్ళు తోముకుని రాగానే, టీలో రొట్టెముక్క ముంచుకుంటూ, "ఏం కలొచ్చింది?" అని అడిగేది. నాన్నకు ఎప్పుడూ ఆఫీసు కలలే. అమ్మకు కలలో కూడా నిద్రపట్టేది కాదట. మంచి కలైతే మన మేలు కోరేవాళ్ళకే చెప్పాలి, చెడ్డదైతే మనిషన్నవాడికి చెప్పకుండా పారే నీళ్ళకు చెప్పి మర్చిపోవాలి, ఇదీ ఆమె చట్టం. వాళ్ళ ఊళ్ళో కాలవ ఉండేదట. ఇక్కడ కాలవ లేదు కనుక సింకు దగ్గర కుళాయి తిప్పి, నీళ్ళ చెవిలో చెప్తున్నట్టు వంగి గుసగుసలాడేది. ఈ కుళాయి సంగతి మసీదులో వింటే ఒప్పుకోరని నాన్న అంటే, "మసీదోళ్ళకు ఎవరు చెప్పమన్నారు?" అనేది.

ఆ ఏడు రంజాన్ పండగ చలికాలంలోనే వచ్చింది. నాన్నమ్మ చేసిన సేమ్యాలో ఎండుఖర్జూరం, సారపప్పు, జీడిపప్పు ఎంత ఉండేవంటే సేమ్యాను వెతుక్కోవలసి వచ్చేది. పండగైన కొన్నాళ్ళకు నాకొక కల వచ్చింది. అపార్ట్‌మెంట్ల మధ్య, చలికాలమని గేటుకు తాళం వేసిన స్విమ్మింగ్ పూల్ ఉప్పు పోసినట్టు తెల్లగా అయిపోయింది, దానిమీద ఒక నల్లపిట్ట తాపీగా నడుస్తోంది. అంతే కల. లేచి చూస్తే కిటికీ అద్దం నిండా మంచు. రాత్రి ఐస్ స్టార్మ్ వచ్చి స్కూళ్ళు మూసేశారు. జాకెట్ వేసుకుని పరిగెత్తి గేటు కంతల్లోంచి చూశాను. పూల్ గడ్డకట్టి తెల్లగా ఉంది. పార్కింగ్ లాట్‌లో ఎప్పుడూ తిరిగే నల్లపిట్టల్లో ఒకటి దానిమీద నడుస్తోంది.

ఇంకెవరికైనా అది వింతగానే మిగిలిపోయేది. నా ఖర్మకొద్దీ అంతకుముందు ఆదివారమే మసీదు సండే స్కూల్లో యూసుఫ్ ప్రవక్త కథ చెప్పారు. పసివాడిగా ఉన్నప్పుడే ఆయనకు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు సాగిలపడినట్టు కల వచ్చింది, అది నిజమైంది, కలను అన్నలకు చెప్పొద్దని తండ్రి హెచ్చరించాడు. నాకు లెక్క సరిపోయింది. కల వచ్చింది, నిజమైంది, చెప్పకూడదు. ప్రవక్తల పేర్లలో ఆడపిల్ల ఒక్కతీ లేదన్న సంగతి కూడా నాకు అడ్డురాలేదు. ఆ వారమంతా ఎంతో మర్యాదగా ఉన్నాను. అమ్మ పెట్టిన బీరకాయ కూర మారుమాట్లాడకుండా తిన్నాను.

తర్వాతి ఆదివారం, మాకు పాఠం చెప్పే హైదరాబాద్ అంకుల్ చెప్పుల పెట్టెలకు ఎర్రకాగితం అంటించి తెచ్చారు. ఒక్కో పెట్టెమీద ఒక్కో ప్రవక్త పేరు. ఆదం నుంచి మొదలుపెట్టి పిల్లలం ఒకదానిమీద ఒకటి పేర్చి గోడ కట్టాం. మూలన ఒక్క ఖాళీ మిగిలింది. అంకుల్ ముహమ్మద్ ప్రవక్త పేరున్న పెట్టెను అందులో పెట్టారు. ప్రవక్తగారు తనను అలాంటి ఆఖరి ఇటుకతోనే పోల్చుకున్నారని చెప్పారు.

"గోడ కంప్లీట్ అయిపోయింది కదా," అన్నారు అంకుల్. "ఇంకో బాక్స్ పట్టదు. ఆయన తర్వాత ఎవరైనా నేను కూడా ప్రాఫెట్ అంటే, లయర్ అన్నట్టే."

గోడలో నిజంగానే ఎక్కడా ఖాళీ లేదు. నేనెవరికీ చెప్పలేదు, కానీ నేనూ ప్రవక్తనేనని మనసులో అనుకున్నాను, మనసులోది అల్లాకు తెలుస్తుంది. అబద్ధాలకోరుల్లో నా పేరు రాసేసుకుని ఉంటాడు. కల మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో పడుకోవడం మానేశాను, అంటే మానేశాననుకుంటూ నిద్రపోయేదాన్ని. పొద్దున్నే నాన్నమ్మ అడిగితే "నో డ్రీమ్" అనేదాన్ని. తర్వాత బాత్రూమ్‌లో తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఆ పూల్ కలను నీళ్ళకు చెప్పేదాన్ని. ఎన్నిసార్లు చెప్పినా నీళ్ళు దాన్ని తీసుకుపోయినట్టు అనిపించేది కాదు.

ఒక శనివారం పొద్దున తలుపు గడియ పెట్టడం మర్చిపోయాను. నమాజుకు ముందు వుజూ చేసుకోవడానికని వచ్చిన నాన్నమ్మ సింకుమీద వంగిన నన్ను చూసింది.

"ఏందమ్మా, నీళ్ళట్టా వదిలేసినావ్? అంత చెడ్డ కలా?"

ఏడుపు తన్నుకొచ్చింది. నాకొచ్చిన తెలుగూ ఇంగ్లీషూ కలిపి అంతా చెప్పేశాను. పూల్, పిట్ట, యూసుఫ్, గోడ. "నేను లయర్‌నా నాన్నమ్మా?" అని అడిగాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుళాయి కట్టేసి, టబ్ అంచున కూర్చుని, నన్ను మోకాళ్ళ మధ్యకు లాక్కుంది.

"ఆ పిట్టేమన్నా చెప్పిందా నీకు? పోయి జనాలకు చెప్పమందా?"

"లేదు. జస్ట్ నడిచింది."

"మరింకేంది? ప్రవక్తలంటే కలలు కనేవోళ్ళు కాదు తల్లీ. లోకం మాటలు పడి, రాళ్ళదెబ్బలు తిని అల్లా మాట మోసినోళ్ళు. ఆ మోత మన ప్రవక్తగారితో అయిపోయింది. ఆయన తర్వాత ఎవురి నెత్తినా పడదు. నీ నెత్తిన అసలే పడదు. అందుకే ఆయన్ని ఆఖరాయన అన్నారు."

"మరి డ్రీమ్?"

"మంచి కలలు మనకు మిగిలినయ్. అయి ఎవురికైనా వస్తయ్. ఇంత మంచి కలను తీసకపోయి నీళ్ళకు చెప్పినావా, పిచ్చిపిల్లా? నాకు చెప్పొద్దూ?"

అప్పుడు చెప్పాను మళ్ళీ మొదటినుంచి, ఈసారి ఏడవకుండా. పిట్ట ఎంత మెల్లగా నడిచిందో కూడా చూపించాను. సండే స్కూల్లో తలుపు మూసినట్టు వినబడిన మాట ఆమె నోట చల్లగా వినబడింది. చేయవలసిన పెద్దపని ఒకరు పూర్తిచేసి వెళ్ళారు, నేనిక హాయిగా నిద్రపోవచ్చు. ఎన్నో ప్రసంగాలు విన్నాను ఆ తర్వాత, ఆ నమ్మకం గురించి. నాకు అర్థమైంది మాత్రం ఆ బాత్‌టబ్ అంచునే.

నాన్నమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ అపార్ట్‌మెంట్లకు కొత్త పేరు, కొత్త రంగు వచ్చాయి. పూల్ పూడ్చి పార్కింగ్ చేశారు. మా ఇంట్లో పొద్దున్నే ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటారు. ఏం కలొచ్చిందని అడిగే పని ఆమె తర్వాత ఎవరూ అందుకోలేదు, నేను కూడా.

సాంబ్రాణి పెట్టె తెచ్చుకున్న మర్నాడు తెల్లవారుజామున ఆమె కలలోకి వచ్చింది. నా వంటింట్లో, నా పెనంమీద ఊదు వేస్తోంది, అలారం కూస్తోంది, ఆమెకు పట్టలేదు. లేచేసరికి దిండు తడిగా ఉంది. అది మంచి కలో చెడ్డదో తేల్చుకోలేక కిందికి వచ్చి సింకు దగ్గర కుళాయి తిప్పాను. సీరియల్ తింటున్న మా అమ్మాయి చెవిలోంచి ఇయర్‌బడ్ తీసి నన్నే చూస్తోంది.

కుళాయి కట్టేసి మా అమ్మాయి ఎదురుగా కూర్చున్నాను. కల చెప్పాను. పెనం గురించి, పుట్నాలపప్పు గురించి కూడా.

"ఆ డ్రీమ్ నిజం అవుతుందా అమ్మా?" అంది.

"నిజమైపోయింది," అన్నాను. "నీకేం కలొచ్చింది?"