నాలుగొందల పన్నెండో గంట

మా వదిన ఏడాదికి పైగా కంటికి రెప్పలా కాపాడుకుంటున్న ఒక ముక్కని నేను ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపారేశాను. అదీ పెద్ద ఉపకారం చేస్తున్నాననుకుని, ఈల వేసుకుంటూ. తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటున్నాను. మళ్ళీ మీరు కూడా చెప్పకండి, మా ఆవిడ చెప్పింది చాలు.

అన్నయ్యకీ వదినకీ తేనెటీగల పెంపకం. అరవై పెట్టెలు, ఇంటి వెనక కొండవాలు మీద మూడు వరుసలుగా ఉండేవి. తేనె నిండిన పెట్టెని కిందికి దింపేసరికి నడుము విరిగేది. అందుకని అన్నయ్య ఒక చైనా ఏటీవీ కొన్నాడు. మోటారుసైకిలుకున్నట్టు హ్యాండిలు, నాలుగు లావుపాటి టైర్లు, ముందూ వెనకా సామాను పెట్టుకునే ఇనుప చట్రాలు. చవగ్గా వచ్చింది. ఎందుకు చవగ్గా వచ్చిందో వారం తిరక్కుండానే తెలిసింది. నేను పాతికేళ్లుగా మోటారుసైకిళ్లూ నీటి పంపులూ బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. ముందే అడిగుంటే వద్దనేవాణ్ణి. అందుకే అడగలేదు మహానుభావుడు.

దానికి దున్న అని పేరు పెట్టింది నేనే. ట్యాంకు అడుగంటినా పెట్రోలు ముల్లు నిండుగానే చూపించేది. న్యూట్రల్ లైటు దానికి బుద్ధి పుట్టినప్పుడు వెలిగేది. బండితో వచ్చిన పుస్తకాన్ని చైనా భాషలోంచి ఎవరు దించారో గానీ, "నూనెను గౌరవించుము, ఇంజను ఆనందించును" అన్న ధోరణిలో ఉండేది. అన్నయ్య అది పైకి చదువుతుంటే వదిన పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ బండి మొత్తంలో అబద్ధమాడనిది ఒక్కటే, ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపించే చిన్న మీటరు.

నేనేమన్నా అంటే అన్నయ్య దున్నని వెనకేసుకొచ్చేవాడు. "చవకది కాబట్టే మనతో ఎక్కువ మాట్లాడుతుందిరా. కాస్త వినాలి అంతే" అనేవాడు. వినడమంటే ప్రతి ఆదివారం పొద్దున్నే స్పానర్లు పట్టుకుని దాని చుట్టూ తిరగడం. కొండ కుదుపులకి బోల్టులన్నీ వదులయ్యేవి. బిగించిన ప్రతి బోల్టు మీదా వదిన గోళ్లరంగుతో ఓ గీత గీసేవాడు. గీత పక్కకి జరిగిందంటే బోల్టు వదులైనట్టు లెక్క. వదిన గోళ్లకి రంగు మిగిలేది కాదు గానీ దున్న మాత్రం పెళ్లికూతురిలా ఉండేది. పైగా ఆ బోల్టులు మరీ మెత్తన, రవ్వంత ఎక్కువ బిగిస్తే మర పోయేది. నాకు పన్నెండేళ్లప్పుడు స్పానరు పట్టడం నేర్పింది అన్నయ్యే. నేను బలమంతా చూపించబోతే నెత్తిమీద ఒక్కటిచ్చి, "భుజంతో కాదురా, ముంజేతితో! బోల్టూ బతకాలి కదా!" అనేవాడు. నా జుట్టు నెరిశాక కూడా, దున్న మీద చెయ్యి వేస్తే అదే కేక. వంటింట్లోంచి వదిన నవ్వు వినబడేది.

వదినకీ ఆ పని నేర్చుకోవాలని ఉండేది. కిటికీలోంచి ఎన్నిసార్లు అడిగిందో. "ఆయిలు మార్చడమైనా చూపించండి. మీరు ఊళ్ళో లేనప్పుడు నేనేం చెయ్యను?"

"తర్వాత చూద్దాంలే, ఇప్పుడు చేతులు పాడుచేసుకోవడం ఎందుకు" అనేవాడు అన్నయ్య. ఆ తర్వాత అనేది ఎప్పటికీ వచ్చేది కాదు.

సీటు ఎత్తితే అడుగున నల్లటి ప్లాస్టిక్కు ఉంటుంది. ఎన్నో గంటకి ఏం మార్చాడో, మళ్ళీ ఎప్పుడు మార్చాలో అన్నయ్య అక్కడ తెల్ల మార్కరుతో రాసుకునేవాడు. చివరిసారి ఆయిలు మార్చి రాసింది మూడొందల అరవై రెండో గంటకి. మీటరు మూడొందల డెబ్బై ఒకటి దగ్గర ఉండగా, ఒక పొద్దున, పెట్టెల మధ్య ముక్కాలిపీట మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె. మేం వెళ్ళేసరికి చెయ్యి చల్లబడింది.

నెల తర్వాత వదిన బ్యాటరీ కోసం సీటు ఎత్తి, చివరి వరుస చదివింది. "412కి ఆయిలు. ఈసారి ఆవిడ చేత" అని ఉంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసిందనుకోండి. అప్పట్లో నాకు తెలిసిందల్లా వదిన దున్నని ముట్టుకోవడం దాదాపు మానేసిందని. పై వరుసకి తప్పనిసరైతే తీసేది, పని అవ్వగానే ఇంజను ఆపేసేది. వాలు కనబడితే చాలు, ఇంజను లేకుండానే దొర్లించేది. కింది వరుసల పెట్టెలు ఒంటి చక్రం తోపుడుబండి మీద తోసుకొచ్చేది, అరిచేతులు బొబ్బలెక్కినా సరే. పెట్రోలుకి పిసినారితనమని అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, నా నోట్లో మన్ను పడ!

"ఆయిలు మార్చి ఏడాది దాటింది వదినా. ఓ పూట ఇలా తెస్తే నేను చూస్తాగా" అన్నాను ఒకటికి మూడుసార్లు.

"దాని జోలికొచ్చావంటే కాళ్లు విరగ్గొడతా" అంది మూడోసారి. నాకు చిర్రెత్తుకొచ్చింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే అనుకున్నాను.

ఆ మాటకి అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ వాళ్ళ చెల్లెలికి కంటి ఆపరేషనని వదిన నాలుగు రోజులు వేరే ఊరు వెళుతూ, తేనెటీగలకి నీళ్ళు పెట్టమని తాళాలు నా చేతిలో పెట్టింది. తాళాల గుత్తిలో దున్న తాళం కూడా ఉంది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. నడుపుకుంటూ నా షెడ్డుకి తెచ్చేశాను. ఆయిలు మార్చాను, ఆయిలు వడగట్టే జల్లెడ కడిగాను, చిరిగిన రబ్బరు తొడుగులు కొత్తవి వేశాను. సీటు అడుగున మురికి పట్టిన పాత అంకెలు కనబడితే, ఇప్పుడన్నీ కొత్తవేసిన తర్వాత ఇవెందుకని పెట్రోలు గుడ్డతో నున్నగా తుడిచేశాను. దాని మీద నా గుండ్రటి రాతతో రాశాను, "409. ఆయిలు మార్చాను" అని.

వదిన బస్సు దిగి తాళాల కోసం నేరుగా షెడ్డుకే వచ్చింది. నేను రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. ముందు మీటరు చూసింది. తర్వాత సీటు ఎత్తింది. నా రాత మీద బొటనవేలితో ఒకసారి రుద్దింది, కింద ఇంకేమైనా ఉందేమోనని. ఆ తర్వాత షెడ్డు నేల మీదే, ఆయిలు మరకల్లో, కూలబడిపోయింది.

"ఇక్కడ రాసున్నవి ఏవి?"

"తుడిచేశాను వదినా. పాతవే కదా అని..."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "రెండొందల అరవై రెండుకి ఆయిలు. రెండొందల తొంభైకి బెల్టు. మూడొందల పన్నెండుకి ఆయిలు. మూడొందల అరవై రెండుకి ఆయిలు." అక్కడ సీటు వైపు వేలు చూపించింది. "నాలుగొందల పన్నెండుకి ఆయిలు. ఈసారి ఆవిడ చేత. ఇంకా మూడు గంటలే ఉందయ్యా. నేను మార్చేదాన్ని కదా!"

నా చేతిలో గుడ్డ కింద పడింది.

"ఆ గంట రావాలనీ ఉండేది, రాకూడదనీ ఉండేది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "వస్తే ఆయన నాకోసం అనుకున్న పని చేస్తాను. వచ్చేస్తే, ఇక ఆ తర్వాతకి ఆయన అనుకున్నదంటూ ఏమీ మిగలదు. అందుకే నిమిషాలు కూడా దాచుకున్నాను."

"మళ్ళీ రాయనా వదినా?" అన్నాను, బుద్ధిలేనివాణ్ణి.

"వద్దు. నాకు నోటికి వచ్చు." ఉన్నట్టుండి దున్న వైపు తిరిగి, "తీసిన ఆయిలేం చేశావు?" అంది.

"డబ్బాలో ఉంది. కొంచెం ఈ షెడ్డు షట్టరు బిగుసుకుపోతోందని దానికి పూశాను."

"మళ్ళీ పొయ్యి."

"ఏంటి?"

"కొత్తది తీసేసి ఆ పాతదే పొయ్యి. అది ఆయన పోసింది. దానికింకా మూడు గంటలు నడిచే రాత ఉంది. నడిపి, నేనే తీస్తాను."

పాతికేళ్ల సర్వీసులో అలాంటి మాట వినలేదు. "వదినా, అది తారులా ఉంది. ఇంకో మెకానిక్ చూస్తే నా మొహాన ఉమ్మేస్తాడు."

"ఉమ్మితే తుడుచుకో. తుడవడం నీకు బాగా వచ్చుగా."

బంగారంలాంటి కొత్త ఆయిలు దించి, ఆ నల్లదాన్ని పలచటి గుడ్డలో వడగట్టి, తిరిగి పోశాను. ఒక గ్లాసు తగ్గింది. వదిన తలెత్తి షట్టరు కేసి చూసింది.

"గీకి పొయ్యమంటావా ఏంటి కొంపదీసి?" అన్నాను. పదిహేను నెలల తర్వాత వదిన మొదటిసారి నవ్వింది, ఏడుస్తూనే. ఆ గ్లాసుకి మాత్రం కొత్తది కలిపాను.

ఆ మూడు గంటల్నీ వదిన మూడు పొద్దుల్లో ఖర్చుపెట్టింది. పెట్టెలేం మొయ్యలేదు. ఖాళీ బండి మీద అన్నయ్య తిరిగిన దారులన్నీ తిరిగొచ్చేది. ఎక్కడికెళ్ళావంటే "ఊరికే" అనేది. మూడోరోజు నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి పెరట్లో దున్న వేడిగా ఉంది, మీటరు 412 చూపిస్తోంది, వదిన గోనెపట్టా పరుచుకుని బండి కింద దూరి ఉంది. పక్కన అన్నయ్య స్పానర్ల సంచి.

అలవాటు కొద్దీ నేను చెయ్యి పెట్టబోతే ఫట్మని కొట్టింది. "ఆవిడ చేత అని రాశాడు, తమ్ముడి చేత అని కాదు. నువ్వు చెప్పు, నేను చేస్తాను. ఆయన నీకెలా చెప్పాడో అలాగే చెప్పు."

చెప్పాను. బోల్టు ఎటు తిప్పాలో, చివరి మరలో ఎలా ఆగాలో, పళ్ళెం ఎక్కడ పెట్టాలో. ఆయిలు నల్లటి దారంలా జారి ఆవిడ మణికట్టు మీదుగా పారింది.

"కాలుతోందా వదినా?"

"కాలనీ."

ఆఖరి చుక్క పడేదాకా ఆవిడ పళ్ళెం కదపలేదు. ఆ పళ్ళెంలో ఉన్నది తప్ప అన్నయ్య చేత్తో పోసింది ఇంకేమీ లేదని ఇద్దరికీ తెలుసు. తర్వాత బోల్టు కింద వేసే రాగి వాషరు తుడిచి, బోల్టు వేళ్ళతో ఎక్కించి, స్పానరు పట్టుకుంది. పట్టుకున్నాక పళ్ళు బిగించి, ఒళ్ళంతా ఊగేలా తిప్పడం మొదలెట్టింది. అది మెత్తటి చైనా బోల్టు. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"భుజంతో కాదు, ముంజేతితో! బోల్టూ బతకాలి కదా!"

అనేశాక నాలిక్కరుచుకున్నాను. మాటే కాదు, గొంతు కూడా అచ్చం అన్నయ్యదే వచ్చింది. బండి కింద స్పానరు ఆగిపోయింది. ఏమైందోనని వంగి చూడబోయాను.

"చూడకు," అంది లోపల్నుంచి. "మళ్ళీ అను."

మళ్ళీ అన్నాను. వదిన ముంజేతితో బిగించింది.