పెళ్ళికూతురు ఆటోలో వెళ్ళింది

ఈ రోజు మా అన్నయ్య కూతురు మెర్సీ పెళ్ళి. పటమట నుంచి గన్నవరం చర్చికి నా పాత స్పోర్ట్స్ కారులోనే వస్తానని పట్టుబట్టింది. రేడియేటర్ లీకవుతోందని నిన్ననే అతుకు వేయించాను. సగం దారిలో అది కాస్తా ఊడి, బానెట్ లోంచి ఆవిర్లు లేచాయి.

"చల్లారేదాకా మూత తీయకూడదమ్మా," అన్నాను.

"ఎంతసేపు బాబాయ్?"

"అరగంట."

"అయితే నువ్వు దీని దగ్గరుండు. నేను పెళ్ళి చేసేసుకుంటా," అని తెల్ల పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆటో ఎక్కింది.

నేను చేరేసరికి భోజనాలు నడుస్తున్నాయి. కొత్త అల్లుడు నా చేతుల మసి చూసి, "ఇప్పుడెలా ఉందండీ కారు?" అన్నాడు. అబ్బాయి మంచివాడే.

కొత్త రేడియేటర్ వేయించమంటారా, కారే అమ్మేయమంటారా? మా ఆవిడ అభిప్రాయం తెలుసు. మిగతావాళ్ళు చెప్పండి.